అనువాదంలో పూరీ అయిపోయిన లూచీ

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 61 ఏళ్ళు. మాది తణుకు దగ్గర ఒక పల్లె. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా నాన్నగారి బీరువాలో బెంగాలీ నవలల తెలుగు అనువాదాలు ఉండేవి. ఏడో తరగతి నుంచీ వాటిని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కథలతో పాటు వాళ్ళు తినేవన్నీ కూడా మనసులో ఉండిపోయాయి. నేతిలో వేయించిన పూరీలు, మరమరాలు, సందేశ్, ఖర్జూరపు బెల్లం, చేపల పులుసు. భోంచేస్తున్న మనిషి పక్కన ఒకావిడ విసనకర్ర పట్టుకుని కూర్చుని, ఇంకొకటి వేసుకోమని బతిమాలడం. ఆ భోజనం ఒక్కసారైనా తినాలని నా కోరిక. మొన్న గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు పులస కొని, ఆవనూనె తెప్పించి, వీడియో చూసి ఆవముద్దతో వండాను. ఇల్లంతా ఘాటు, కూరంతా చేదు. మావారు ఒక్క ముద్ద తిని లేచిపోయారు. వేలు పోసి కొన్న చేప! ఆ రాత్రి ఏడుపొచ్చింది. జనవరి మొదటివారంలో రిటైర్డ్ టీచర్లం కొందరం కాశీ, గయ, కలకత్తా వెళ్తున్నాం. కలకత్తాలో రెండు రోజులుంటాం. అక్కడైనా ఇలిష్ తినొచ్చా? ఇంకేం తినాలి? తీరా తిన్నాక నచ్చకపోతే నవలల మీద ఇష్టం కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ వయసులో ఇదేం పిచ్చమ్మా అంటోంది మా అమ్మాయి.

జవాబు: ముందు ఆ చేప సంగతి చూద్దామండీ. మిమ్మల్ని ఏడిపించింది అదే కదా.

మీరు కొన్నది సరైన చేపే. పులసా ఇలిషూ ఒకటే జాతి. సముద్రంలో ఉన్నంతకాలం మన తీరంలో దాన్ని ఇలస అంటారు, విలస అంటారు. గుడ్లు పెట్టడానికి వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది. అదే చేప గంగలోకో పద్మలోకో ఎక్కితే ఇలిష్. మీరు చదివిన నవలల్లో పెద్ద నదిలో పడవలాపి కొనే చేప, మీ దగ్గర రేవులో వేలంపాట పాడి కొనే చేపా ఒకటేనన్నమాట. పుస్తెలమ్మైనా పులస తినాలని మనవాళ్ళు అంటారు చూడండి, వానాకాలం వచ్చిందంటే బెంగాలీ ఇళ్ళలో కూడా సరిగ్గా అదే ఆరాటం.

వంట ఎక్కడ దెబ్బతిందో మీరు రాసిన రెండు మాటల్లోనే తెలిసిపోయింది. ఘాటు నూనెది, చేదు ఆవాలది. ఆవనూనె మన నువ్వులనూనె లాంటిది కాదు. వేడెక్కింది కదా అని పోపు వేసేస్తే కళ్ళు మండుతాయి. మూకుట్లో సన్నగా పొగ లేచి, నూనె రంగు కాస్త పలచబడేదాకా ఆగాలి. అప్పుడు మంట తగ్గించి, ఒక నిమిషం చల్లారనిచ్చి మొదలుపెట్టాలి. ఇక ఆవాలు. నల్లావాలు ఒక్కటే మిక్సీలో చాలాసేపు తిప్పితే గిన్నె వేడెక్కి ముద్ద చేదెక్కుతుంది. దాని మీద మీది గోదావరి చెయ్యి. పులస అంటే సన్నసెగ మీద గంటలు మరగాలి, మర్నాడు తింటే ఇంకా బాగుంటుంది అని మీకు ఒకరు చెప్పక్కర్లేదు. చింతపండు పులుసుకి అది వేదవాక్కు. ఆవముద్దకి మాత్రం అదే చేటు. మరిగినకొద్దీ చేదు పెరుగుతుంది.

నిజానికి ఇది మీకు తెలిసిన విద్యే. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు పెడతారు? పొయ్యి మీంచి దింపాకే. అరటికాయ కూరకైనా అంతే. ఎందుకమ్మా దింపాక అని చిన్నప్పుడు అడిగితే, చేదెక్కుతుందే అని మీ అమ్మగారు చెప్పే ఉంటారు. పచ్చి ఆవాలు రుబ్బి కూరలో పెట్టుకు తినే రుచి మీ జిల్లాల్లో తరతరాలుగా ఉంది. చేప కూర దగ్గరికి వచ్చేసరికి, అదేదో పరాయి వంట అనుకుని చేతిలో ఉన్న విద్యని పక్కన పెట్టారు.

కాబట్టి ఆ వంట ఇంకోసారి చేయండి. పులస కొనకండి, అంత డబ్బు ముందు పెట్టుకుంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ముందు పావుకిలో రొయ్యలతో చేయండి. బెంగాలీలు రొయ్యల్ని కూడా ఇలాగే వండుతారు. నల్లావాలు ఒక చెంచా, పసుపు ఆవాలు ఒక చెంచా అరగంట నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోసి, రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు, రెండు చెంచాల కొబ్బరి కోరు వేసి, ఆపి ఆపి తిప్పుతూ రుబ్బండి. ఆవాలతో పాటు ఉప్పూ పచ్చిమిర్చీ పడితే చేదెక్కదని అక్కడి ఆడవాళ్ళందరూ చెప్పే మాట. మూత గట్టిగా పట్టే స్టీలు టిఫిన్ డబ్బాలో రొయ్యలు, ఈ ముద్ద, కాస్త పసుపు, రెండు చెంచాల ఆవనూనె, చీల్చిన పచ్చిమిర్చి నాలుగు వేసి కలపండి. ఇక్కడ నూనె పచ్చిదే వేయాలి, కాచక్కర్లేదు. డబ్బా మూతపెట్టి, సగందాకా నీళ్ళు మరుగుతున్న గిన్నెలో పదిహేను నిమిషాలు ఉంచి దింపండి. అయిదు నిమిషాలు మూత తీయకండి. తర్వాత వేడన్నంలో ఆ ముద్ద కొంచెం కలుపుకుని తినండి. చేయి కుదిరాక సముద్రపు ఇలస కొనుక్కోవచ్చు. పులస సంగతి వచ్చే ఏటి ఎర్రనీళ్ళకి చూసుకుందాం.

ఇప్పుడు కలకత్తా. జనవరిలో ఇలిష్ అడగకండి. అక్కడ కూడా దాని కాలం వానాకాలమే. జనవరిలో హోటల్లో పెట్టారంటే చాలావరకు ఐసులో దాచినదై ఉంటుంది. యాభై ఏళ్ళు మనసులో పెట్టుకున్న రుచిని ఐసు ముక్కతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ మీరు వెళ్ళే రోజులు నిజంగా అదృష్టపు రోజులు. ఎందుకంటే మీ జాబితాలో ఉన్న ఖర్జూరపు బెల్లం, ఏడాదిలో సరిగ్గా అప్పుడే దొరుకుతుంది.

ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలి. ఖర్జూరపు బెల్లం అని చదివి మీరు ఏం ఊహించుకున్నారు? షాపుల్లో డబ్బాల్లో అమ్మే అరబ్బు ఖర్జూరాలతో చేసిందనుకున్నారా? నేనైతే పెళ్ళయ్యేదాకా అలాగే అనుకున్నాను. అది ఈతబెల్లమండీ. బెంగాలీలు ఖెజూర్ అనే చెట్టు మన ఈతచెట్టే. మీ పొలంగట్ల మీద ఉండేదే, మన గీత కార్మికులు ఎక్కి ఈతకల్లు దింపేదే. మనం ఆ నీరాని కల్లుగా తాగాం. బెల్లానికి చెరుకునీ తాటిచెట్టునీ నమ్ముకున్నాం. వాళ్ళు అదే ఈతనీరాని తెల్లారకుండా దింపి కాచి బెల్లం చేశారు. చలి ముదిరాక, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరిదాకా, సాయంత్రం చెట్టుకి గాటు పెట్టి కుండ కడతారు. తెల్లవారుజామున, ఎండ తగిలి పులవకముందే దింపుతారు. చలి ఎంత గట్టిగా ఉంటే నీరా అంత తేటగా, తియ్యగా ఉంటుంది. ఆ కొత్త బెల్లాన్నే నోలెన్ గుర్ అంటారు. కాచాక తేనెలా జారుగా ఉండేది ఒక రకం. అచ్చుల్లో పోసి గట్టిపడనిచ్చిన దిమ్మల్ని పాటాలి అంటారు. మంచి పాటాలిని వేళ్ళతో నొక్కితే విరుగుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, కాస్త పొగవాసన వేస్తుంది. రాయిలా గట్టిగా, పటికలా మెరుస్తూ ఉంటే పంచదార కలిపారని అనుమానించండి.

ఒక జాగ్రత్త. ఎక్కడైనా పచ్చి ఈతనీరా గ్లాసులో పోసి ఇస్తే తాగకండి. గబ్బిలాలు రాత్రిపూట ఆ కుండల్లో మూతి పెడతాయి. నీపా వైరస్ మనుషులకి అలా సోకిన సందర్భాలు బంగ్లాదేశ్‌లో చాలా ఉన్నాయి. బెల్లం అయితే బాగా కాగుతుంది కాబట్టి ఆ భయం లేదు.

ఈ ఖర్జూరం గొడవంతా ఎందుకు చెప్పానంటే, మీ రెండో భయానికి జవాబు ఇందులోనే ఉంది. మీరు ఇన్నేళ్ళుగా తిన్నది బెంగాలీ భోజనం కాదు. అనువాదకులు మన కోసం పెద్దమనసుతో తెలుగు చేసి పెట్టిన భోజనం. లూచీ అని రాస్తే మనకి తెలియదని పూరీ అన్నారు. మురీని మరమరాలన్నారు. విశాఖ బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నవాళ్ళకి ఆ మాట తెలుసు, మిగతావాళ్ళకి తెలియదు. ఝోల్‌ని పులుసు అన్నారు. పులుసు అన్న మాటలోనే పులుపు ఉంది. మాఛేర్ ఝోల్‌లో చింతపండు చుక్క కూడా ఉండదు. నీళ్ళగా, పసుపు రంగులో, బంగాళాదుంప ముక్కలతో, జీలకర్ర వాసనతో ఉంటుంది. మీరు ఏడో తరగతిలో ఆ వాక్యం చదివినప్పుడు మీ నోట్లో ఊరింది మీ అమ్మగారి చేపల పులుసు. నేతి పూరీ అన్నప్పుడు కళ్ళముందు కదిలింది మీ ఇంటి గోధుమపిండి పూరీ. ఆ రుచి మీ ఇంటిది. కలకత్తా వెళ్ళి ఏం తిన్నా అది ఎక్కడికీ పోదు. కాకపోతే ఇదే ఆ రుచి అనుకుని నోట్లో పెట్టుకుంటే మాత్రం మొదటి ముద్ద నిరాశపరుస్తుంది. కొత్తచోటికి వెళ్ళినట్టు వెళ్ళండి.

నాకు జరిగింది చెప్తాను. పెళ్ళైన కొత్తలో మావారి ఉద్యోగం ఖరగ్‌పూర్‌లో. రైల్వే పుణ్యమా అని అక్కడ తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఉగాదికి పచ్చడి చేసేవాళ్ళకీ లోటు లేదు. మా పక్క క్వార్టర్‌లో మాత్రం బెంగాలీలు. ఆ ఇంటావిణ్ణి నేను మాసీమా అనేదాన్ని, అంటే పిన్నిగారు. నేనూ మీలాగే పుస్తకాల్లో సందేశ్ తిని వచ్చిన దాన్ని. నా ఊహలో అది మన కోవా లాగా, నెయ్యి కారుతూ, ఇంకా పెద్దగా ఉండేది. మాసీమా పళ్ళెంలో పెట్టి ఇచ్చింది చిన్న బిళ్ళ. పొడిపొడిగా ఉంది. పాలు విరిచిన వాసన. తీపి అంతంతమాత్రం. నవ్వుతూ తిన్నాను గానీ ఇంటికొచ్చి చాలాసేపు దిగులుగా కూర్చున్నాను. నాలుగోసారో అయిదోసారో తిన్నప్పుడు, డిసెంబరులో, కొత్త బెల్లం కలిపిన సందేశ్ ఇచ్చారు. అది నాలిక మీద కరగడం మొదలయ్యాక అర్థమైంది, ఇన్నాళ్ళూ నేను దీన్ని కోవాతో పోల్చి తింటున్నానని. ఇప్పుడు నాకు రెండు సందేశ్‌లు ఇష్టం. నా ఊహలోది కూడా అలాగే ఉంది, పెద్దగా, నెయ్యి కారుతూ.

ఇంకోటి కూడా ఆ ఇంట్లోనే చూశాను. మీరు రాసిన విసనకర్ర ఆవిడ గురించి.

మాసీమా అత్తగారు తెల్లచీర కట్టుకునేవారు. పందొమ్మిదో ఏట భర్త పోయారట. ఆవిడ వంట వేరు, పొయ్యి వేరు, గిన్నెలు వేరు. చేప లేదు, మాంసం లేదు, ఉల్లి వెల్లుల్లి లేవు, ఎర్ర కందిపప్పు కూడా లేదు. ఏకాదశికి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. ఆ కాస్త సరుకుతోనే అరటిపువ్వు కూర చేసేవారు. పువ్వు ఒక్కో రేకు విప్పి, ఈనెలు తీసి, కొబ్బరి, వడియాలు వేసి. వాళ్ళ బొడి, మన వడియం ఒకటే. వాసనకి నేను పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడేదాన్ని. ఒక వానాకాలం వాళ్ళింట్లో ఇలిష్ వండిన రోజు నన్ను పిలిచారు. ఆవిడ నా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. చేపని ముట్టుకోలేదు. కానీ కోడలితో, వెన్ను ముక్క వద్దు, ముళ్ళెక్కువ, కొత్తపిల్ల, పొట్ట ముక్క వేయి, అన్నారు. నేను తింటున్నంతసేపూ నా కంచంలోకే చూస్తూ, ఏ వేలితో ముల్లు లాగాలో చెప్తున్నారు. యాభై ఏళ్ళుగా నోట పెట్టని చేపలో ముల్లు ఎక్కడుంటుందో ఆవిడకి అంత బాగా గుర్తుంది.

ఆ రోజు తర్వాత ఆ నవలలు నాకు వేరేగా వినిపించాయి. మనం చదువుతున్నంతసేపూ తినే మనిషి పక్షాన కూర్చుంటాం. ఆయన పళ్ళెంలో లూచీ పొంగుతుంది, మన నోరూరుతుంది. విసురుతున్న మనిషి ఏం తిందో ఆ వాక్యంలో ఉండదు. చాలాసార్లు ఆవిడ వితంతువు. వితంతు పునర్వివాహాల చట్టం 1856లోనే వచ్చింది, విద్యాసాగరుల పోరాటంతో. మీకు దగ్గర్లోని రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. అయినా వంటింట్లో ఆ రెండో పొయ్యి చాలాకాలం ఆరలేదు, అక్కడా ఇక్కడా. మన అమ్మమ్మలు ఆ పుస్తకాలు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నది వేరే దేశం కథలని కాదు.

అందుకే మీకు నా మొదటి సలహా ఇలిష్ కాదు. ఆవిడల వంట తినండి. శుక్తో అని ఒకటుంది. కాకరకాయ, అరటికాయ, ములక్కాడ, వంకాయ, చిలగడదుంప, వడియాలు వేసి, అల్లం, కాసిని పాలు పోసి చేస్తారు. చేదుగా, కమ్మగా ఉంటుంది. మధ్యాహ్నం భోజనంలో మొట్టమొదట అదే తింటారు, నోరు తెరుచుకోవడానికి. ఆ తర్వాత పప్పు, వేపుడు, తర్వాత కూర, తర్వాత చేప, తర్వాత తియ్యటి చట్నీ, అప్పడం, చివర మిఠాయి. మనలాగా ఆకులో అన్నీ ఒకేసారి పెట్టుకుని అటొకటి ఇటొకటి కలుపుకోరు. ఒకటి అయ్యాకే ఇంకోటి. ఆ వరసలో తింటేనే ఆ వంటకి అర్థం ఉంది. బ్యాగులో ఆవకాయ సీసా తీసుకెళ్తారని తెలుసు. ఆ ఒక్క పూటా బయటికి తీయకండి.

ఇది దొరికేది పెద్ద రెస్టారెంట్లలో కాదు. పైస్ హోటళ్ళని అడగండి. పైస్ అంటే పైసా. ఒకప్పుడు పైసల్లో భోజనం పెట్టిన చోట్లు కాబట్టి ఆ పేరు. కొన్నిచోట్ల అరిటాకులోనే పెడతారు. ఏది వేసుకుంటే దానికే డబ్బు, కొన్నిచోట్ల ఆకుకీ నిమ్మచెక్కకీ కూడా వేరే లెక్క. కాలేజ్ స్ట్రీట్ దగ్గర స్వాధీన్ భారత్ హిందూ హోటల్ అని పాతది ఉంది. కాలేజ్ స్ట్రీట్ అంటే వీధి పొడవునా పుస్తకాల కొట్లే. మీకు అంతకన్నా మంచి చోటు కలకత్తాలో లేదు. ఆలస్యంగా వెళ్తే మంచివి అయిపోతాయి, పన్నెండున్నరకల్లా ఆకు ముందు కూర్చోండి. చేప కావాలంటే ఆ రోజు ఏ ఝోల్ ఉందో అడగండి. శీతాకాలం కాబట్టి కాలీఫ్లవర్ వేసి చేసింది దొరకొచ్చు. ఆ రోహూనో కట్లానో మీ జిల్లా చెరువుల్లో పెరిగి, ఐసులో లారీ ఎక్కి వచ్చినదైనా ఆశ్చర్యపోవద్దు. మన చేప హౌరా మార్కెట్‌కి రోజూ వెళ్తుంది.

పొద్దున టిఫిన్‌కి కొడాయ్‌శుటిర్ కొచురి తినండి. పచ్చిబఠానీల ముద్ద లోపల పెట్టి వేయించేది, చలికాలపు తిండి. పక్కన బంగాళాదుంప కూర ఇస్తారు. మిఠాయికి బౌబజార్‌లో భీమ్ నాగ్ ఉంది, ఉత్తర కలకత్తాలో నకూర్ ఉంది, రెండూ పందొమ్మిదో శతాబ్దం నాటి కొట్లు. నోలెన్ గుర్ సందేశ్ అని అడగండి. ఇద్దరికి ఒకటే తీసుకోండి, ఇంకోటి తినాలనిపిస్తే అప్పుడు తినండి. జయనగర్ మోవా కనిపిస్తే వదలకండి. కనక్‌చూర్ అనే ధాన్యం పేలాలకి కొత్త బెల్లం పట్టించి చుట్టిన ఉండ అది, మన పేలాల ఉండకి పట్నంలో ఉన్న పెద్దక్క. అసలైనది చలికాలంలోనే చేస్తారు. మొదటిరోజే ఇవన్నీ తినేయొద్దు. కాశీ నుంచి ప్రయాణం చేసి వస్తారు, కడుపు కూడా కుదురుకోవాలి.

జనవరిదాకా ఆగక్కర్లేనివి కూడా ఉన్నాయి. అటుకులు తడిపి, గట్టిపెరుగు, బెల్లం, అరటిపండు వేసి చేత్తో కలపండి. వేళకాని వేళ వచ్చిన చుట్టానికి, పల్లెటూరి బెంగాలీ ఇంట్లో పెట్టే ఫలార్ ఇదే. నవలల్లో చాలాచోట్ల చదివే ఉంటారు. మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొబ్బరి ముక్కలు వేసి, ఒక్క చెంచా పచ్చి ఆవనూనె కలిపి తినండి. మొదటిరోజు ముక్కుకి ఎక్కుతుంది, నాలుగోరోజుకి ఆ నూనె లేకపోతే చప్పగా ఉందంటారు. మిగిలిపోయిన మీ సీసా ఇలా ఖర్చవుతుంది.

లూచీ కూడా ఇంట్లోనే. రెండు కప్పుల మైదాలో రెండు చెంచాల నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి, పొడిపిండే గుప్పిట్లో ముద్ద కట్టేదాకా రుద్దండి. అప్పుడు గోరువెచ్చటి నీళ్ళతో కలిపి అరగంట మూతపెట్టండి. చిన్న ఉండలు, పీట మీద పొడిపిండి చల్లకుండా నూనె రాసి వత్తాలి. నూనెలో వేయగానే పొంగుతుంది, రంగు మారకముందే తీసేయాలి. మన పూరీ ఎర్రగా వేగితే అందం, లూచీ తెల్లగా ఉంటేనే అందం. పక్కన పసుపు ఉప్పు రాసి ఆవనూనెలో వేయించిన వంకాయ చక్రాలు. లేదంటే కొబ్బరి ముక్కలు, బిర్యానీ ఆకు, కొంచెం పంచదార వేసిన శనగపప్పు. పప్పులో తీపి ఏంటని మీవారు అంటే, పులుసులో బెల్లం వేసుకునే గోదావరి వాళ్ళు ఆ మాట అనకూడదని చెప్పండి.

మీ అమ్మాయి పిచ్చి అందని రాశారు. తనకి తెలియదు, అంతే. మీరు ఏ పేజీ దగ్గర నోరూరి ఆగారో ఆ పేజీ చదివి వినిపించండి. మీవారి విషయంలో మాత్రం ఒకటి చెప్తాను. ఆ రోజు ఆ చేప మీద మీరు ఇంటిల్లిపాది భోజనం ఆధారపెట్టారు. అందుకే అంత దెబ్బ తగిలింది. ఇకమీదట రోజూ చేసే పప్పూ కూరా చేసేయండి. కొత్తది పక్కన చిన్న గిన్నెలో ఉంటుంది, ఇష్టమైతే తింటారు.

కలకత్తా నుంచి ఒక కిలో పాటాలి తెచ్చుకోండి. కాగితంలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టుకుంటే ప్రయాణానికి ఆగుతుంది, ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో పెట్టండి. మీరు తిరిగొచ్చేసరికి సంక్రాంతి. అదే రోజు వాళ్ళకి పౌష్ సంక్రాంతి. మనం కొత్తబియ్యప్పిండితో అరిసెలు వండుతుంటే, వాళ్ళు అదే కొత్తపిండితో పిఠేలనే పిండివంటలు వండుతారు. మీరు పాయేష్, అంటే వాళ్ళ పాయసం చేయండి, అదే తేలిక. వాళ్ళు గోబిందభోగ్ అనే చిన్నగింజ బియ్యం వాడతారు, మీకు చిట్టిముత్యాలు సరిపోతాయి. లీటరు పాలకి గుప్పెడు బియ్యం, సన్నసెగ మీద పాలు సగమయ్యేదాకా కాచి దింపండి. పది నిమిషాలు చల్లారాకే బెల్లం తురుము కలపాలి, వేడిమీద వేస్తే విరిగిపోతుంది. మన పరమాన్నానికి ఉన్న కట్టుబాటే.

పండగరోజు అందరికీ వడ్డించి ఆఖరున తినే మనిషి మీరేనని అనుకుంటున్నాను, నలభై ఏళ్ళుగా. ఆ పాయేష్ గిన్నె మాత్రం మీవారి చేతికివ్వండి. మీరు ముందు కూర్చోండి. ఆయన పక్కన పీట వేసుకుని మీకు వడ్డించాలి, ఇంకొంచెం వేసుకోమని కనీసం రెండుసార్లు బతిమాలాలి. రుచి ఎలా ఉందో అప్పుడు రాయండి.